భూగర్భ మెట్రో స్టేషన్ల తవ్వకం: నేల, నీరు, చుట్టుపక్కల ఇళ్లు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో భూగర్భ మెట్రో పనుల గురించినవే ఎక్కువ. చెన్నై, బెంగళూరు, ముంబయి వంటి నగరాలలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ల పక్కనే తవ్వకాలు జరుగుతున్నాయి గనుక ఇది సహజమే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, ఉత్తరాల సారాంశం మాత్రమే ఇచ్చి, సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: చెన్నైలో మెట్రో రెండో దశలో భూగర్భ స్టేషన్ కడుతున్న వీధిని ఆనుకొని మా ఇల్లు ఉంది. మా మామగారు కట్టించిన ఇల్లు, నలభై ఏళ్లు దాటాయి. పెరట్లో బావి, బోరు రెండూ ఉన్నాయి. ఈమధ్య ఇద్దరు వచ్చి గోడలకు ఫొటోలు తీసుకుని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఎందుకని అడిగితే, "మామూలు సర్వేనే, మీకేమీ కాదు" అన్నారు. సంతకం పెట్టవచ్చా? అసలు వాళ్లు అంచనా వేసేదేమిటి? – ఒక గృహిణి, చెన్నై

జవాబు: పెట్టవచ్చు, పెట్టడం మీకే మేలు. అయితే ఆ నివేదిక నకలు, ఫొటోలతో సహా, మీ చేతికి వచ్చి దాన్ని చదువుకున్న తరువాతే పెట్టండి. వాళ్లు చేసింది తవ్వకానికి ముందు జరిపే భవన స్థితి సర్వే. ఏ గదిలో ఏ గోడకు బీట ఉంది, దాని వెడల్పు ఎంత, గచ్చు ఎటు వాలింది, తలుపులూ కిటికీలూ సరిగా మూసుకుంటున్నాయా అన్నవన్నీ అందులో తేదీతో సహా నమోదు కావాలి. రేపు కొత్త బీట కనిపించినప్పుడు అది పాతదా, తవ్వకం వల్ల వచ్చిందా అన్న వాదులాట వస్తే, మీకూ కాంట్రాక్టరుకూ మధ్య సాక్ష్యంగా నిలిచేది ఈ నమోదు ఒక్కటే. అందుకే, గోడను దూరం నుంచి తీసిన ఫొటో సరిపోదు. బీట పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో కావాలని అడగండి. వాళ్లు వదిలేసిన బీటలు ఉంటే మీరే తీసి నివేదికకు జత చేయించండి.

ఇక వాళ్లు అంచనా వేసేది ఏమిటంటే, ముందుగా నేల ఎంత కుంగుతుందన్నది. సొరంగం తవ్వే యంత్రం ఎంత జాగ్రత్తగా నడిచినా, తవ్విన మట్టి సొరంగం ఆక్రమించే చోటుకన్నా కొద్దిగా ఎక్కువే ఉంటుంది. ఆ కొద్ది తేడాను పూడ్చడానికి పైనున్న నేల కిందికి జరుగుతుంది. 6.6 మీటర్ల వ్యాసమున్న సొరంగం మధ్యరేఖ 18 మీటర్ల లోతున ఉందనుకుందాం. అదనంగా పోయిన మట్టి నూటికి ఒక వంతు అయితే, ఇంజనీర్లు వాడే సాధారణ సూత్రం ప్రకారం సొరంగానికి సరిగ్గా పైన నేల సుమారు 15 మిల్లీమీటర్లు కుంగుతుంది. అదే నూటికి రెండు వంతులైతే 30 మిల్లీమీటర్లు. ఇంటికి చేటు చేసేది మొత్తం కుంగడం కన్నా, ఇంటి ఒక మూల ఎక్కువగానూ మరో మూల తక్కువగానూ కుంగడం. అందుకే నిపుణులు రెండు హద్దులు చూస్తారు: కుంగడం 10 మిల్లీమీటర్ల లోపు ఉండి, వాలు 500కి 1 కన్నా తక్కువైతే ఆ ఇంటిని ప్రత్యేకంగా పరిశీలించనక్కరలేదంటారు. పై లెక్కలో మొదటి సందర్భంలో వాలు హద్దులోనే ఉన్నా కుంగడం దాటింది, రెండో సందర్భంలో వాలు కూడా దాటిపోయింది. నూటికి ఒక వంతు, రెండు వంతులు అన్న చిన్న తేడా మీద ఒక ఇంటి భవితవ్యం ఎంతగా ఆధారపడి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ఇల్లు ఆనుకొని ఉన్నది స్టేషన్‌ను గనుక లెక్క ఇంకొంచెం వేరు. స్టేషన్ అంటే నేలలోకి దింపిన పొడవాటి పెట్టె లాంటి కట్టడం. దాని నాలుగు వైపులా ముందు బెంటొనైట్ (నీటితో కలిస్తే ఉబ్బే ఒక రకం బంకమట్టి) ద్రవం నింపిన కందకంలో డయాఫ్రం గోడ, అంటే నేలలోనే పోసే కాంక్రీటు గోడ, పోసి, ఆ తరువాత లోపలి మట్టి తీస్తూ, గోడలు లోపలికి ఒరగకుండా అడ్డంగా ఉక్కు దూలాలో కాంక్రీటు స్లాబులో బిగిస్తారు. మట్టి తీసేకొద్దీ గోడ లోపలి వైపు కొద్దిగా వంగుతుంది, వెనకనున్న నేల దిగుతుంది. నేల స్వభావాన్ని బట్టి ఈ ప్రభావం తవ్విన లోతుకు రెండు మూడు రెట్ల దూరం వరకు పాకవచ్చు. అంటే 20 మీటర్ల లోతు స్టేషన్ అయితే 40 నుంచి 60 మీటర్ల దూరంలోని ఇళ్లు కూడా పరిశీలన పరిధిలోకి రావాలి. రోడ్డుకు ఆనుకున్న వరసను మాత్రమే సర్వే చేసి, వెనక వీధిని వదిలేస్తే ఆ సర్వే అసంపూర్ణమనే నా అభిప్రాయం.

ఇంతకన్నా ముఖ్యమైనది నీరు. భూగర్భ స్టేషన్ల విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది నీటికే. తవ్వకం పొడిగా ఉండాలంటే లోపలి నీటిని మోటార్లతో తోడాలి. గోడ అడుగు నీరు చొరని పొరలోకి దిగకపోయినా, గోడ అతుకుల్లోంచి ఊట వచ్చినా, బయటి నీటిమట్టం కూడా తగ్గుతుంది. నీటిమట్టం 3 మీటర్లు తగ్గితే, అంతవరకు నీరు మోస్తున్న బరువు మట్టి మీద పడి, ప్రతి చదరపు మీటరుకూ దాదాపు 3 టన్నుల అదనపు భారం పెరిగినట్టవుతుంది. ఇసుక దాన్ని తట్టుకుంటుంది. బంకమట్టి మాత్రం పిండిన తడిగుడ్డలా నెమ్మదిగా నీటిని వదులుతూ నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. తవ్వకం పూర్తయి, కాంట్రాక్టరు బ్యారికేడ్లు తీసేసి వెళ్లిపోయిన తరువాత బీటలు పెరిగాయన్న ఫిర్యాదులకు చాలాసార్లు ఇదే కారణం. కనుక పని ముగిసిన తరువాత ఎంతకాలం కొలతలు కొనసాగిస్తారని ఇప్పుడే అడిగి రాయించుకోండి.

మీ బావి, బోరు ఈ విషయంలో మీకు గొప్ప సాధనాలు. తాడుకు బరువు కట్టి వదిలి, గట్టు నుంచి నీటి వరకు ఎంత లోతుందో వారానికొకసారి ఒకే వేళకు, మోటారు వేయకముందు, కొలిచి తేదీతో రాసిపెట్టండి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వల్ల డిసెంబరులో నీరు పైకి వస్తుంది, మే నెలకు దిగిపోతుంది. ఆ మామూలు ఎక్కువతక్కువలు తెలియకపోతే తవ్వకం వల్ల వచ్చిన మార్పును గుర్తించలేం. అంచేత పని మొదలవడానికి ముందునుంచే కొలవడం మంచిది. బోరు నీటిని కూడా ఒకసారి పరీక్ష చేయించి, అందులో కరిగిన లవణాల లెక్క దాచుకోండి. సముద్రతీర నగరంలో మంచినీటిని తోడిపోస్తే ఆ ఖాళీలోకి ఉప్పునీరు చొరబడే ప్రమాదం ఉంది, ఒకసారి చొరబడిన ఉప్పు అంత తేలికగా వదలదు.

బీటల విషయంలో అనవసరంగా కంగారుపడకుండా ఉండటానికి ఒక కొలమానం చెబుతాను. 1 మిల్లీమీటరు వరకు ఉన్న బీట రంగు వేస్తే పోయేది. 5 మిల్లీమీటర్ల వరకు మరమ్మతుతో సరిపోతుంది. 5 నుంచి 15 మధ్యకు వస్తే తలుపులు పట్టేయడం మొదలవుతుంది, ఇంజనీరును పిలిపించాలి. 15 దాటితే ఆ ఇంట్లో ఉండటం గురించే ఆలోచించాలి. అయితే ఈ అంకెలకన్నా బీట పెరిగే వేగాన్ని ఎక్కువగా గమనించాలి. ఒక్క రోజులో పెరిగిన 2 మిల్లీమీటర్లు, ఏడాదిలో పెరిగిన 5 కన్నా ప్రమాదకరం.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఇంత ఆధునిక యంత్రాలు వాడినా 2019లో కోల్‌కతా బౌబజార్‌లో ఇళ్లు ఎందుకు కూలాయి? ముందుగా చేసిన ముప్పు అంచనాలో ఇది కనిపించలేదా? – ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న, మీరు చదువుకునే కాలంలోనే అడగవలసిన ప్రశ్న. ముందుగా జరిగింది చెబుతాను. కోల్‌కతాలో హౌరా మైదాన్ నుంచి హుగ్లీ నది అడుగుగా వెళ్లే ఈస్ట్–వెస్ట్ మెట్రో కోసం ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా వైపు రెండు సమాంతర సొరంగాలు అప్పట్లో తవ్వుతుండేవారు. 2019 ఆగస్టు 31న వాటిలో ఒకటి తవ్వుతున్న 'చండీ' అనే యంత్రం బౌబజార్ కింద నీటి పొరను తాకింది. నీటితోపాటు ఒండ్రు కూడా సొరంగంలోకి కొట్టుకొచ్చింది. పైన దుర్గా పితూరీ లేన్, స్యాక్రాపాడా లేన్‌లలో నేల కుంగి, పాత ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలిపోయాయి. వందల మంది కట్టుబట్టలతో బయటికి రావలసి వచ్చింది. ఆ వీధులు నగల పనివాళ్ల పేట. ఇల్లూ పనిచేసే చోటూ ఒకటే అయిన కుటుంబాలు నివాసంతోపాటు జీవనోపాధినీ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నాయి. ముప్పు అంచనా పట్టికలలో 'నష్టం' అనే గడిలో సాధారణంగా కట్టడాల విలువే వేస్తారు. ఇలాంటి పేటలో ఆ గడి ఎంత పెద్దదో ఆ అంకె చెప్పదు.

యంత్రం ముందు ఏముందో యంత్రానికి కనిపించదు. ముందుగా వేసిన బోరు నమూనాలే దానికి కళ్లు. రెండు బోరు రంధ్రాల మధ్య నేల ఎలా ఉందన్నది అనుభవంతో గీసిన ఊహారేఖ మాత్రమే. కోల్‌కతా నేల నదులు తెచ్చి పోసిన మెత్తని బంకమట్టి, ఒండ్రు, ఇసుకల మేట. పాత నదీపాయలు పూడి ఏర్పడిన ఇసుక పట్టీలు రెండు బోరు రంధ్రాల మధ్య కనబడకుండా దాగి ఉండవచ్చు. పైన శతాధిక వయసున్న ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్న సందుల్లో బోరు వేసే రిగ్గు తేవడమే కష్టం. ఎక్కడ నేలను తెలుసుకోవడం అన్నిటికన్నా అవసరమో అక్కడే అది అన్నిటికన్నా కష్టం కావడం పాతబస్తీల కింద చేసే ప్రతి పనిలోనూ ఉన్న చిక్కు. అలాంటి చోట 'నేల సమాచారం తక్కువ' అన్నదాన్నే ఒక ముప్పుగా నమోదు చేసి, దానికి తగినట్టు ముందుగా రసాయనిక గ్రౌటింగ్ (నేలలోకి గట్టిపడే ద్రవాన్ని ఎక్కించడం), ఇళ్ల తాత్కాలిక ఖాళీ వంటివి సిద్ధం చేసుకోవాలి. సమాచారం లేని గడిలో 'ముప్పు తక్కువ' అని రాయడం ఇంజనీరు చేయగల తప్పులలో పెద్దదని నేను అంటాను.

ఈ మార్గం గురించి మరో సంగతి ఉంది. మొదటి ప్రణాళికలో ఇది సెంట్రల్ స్టేషన్ మీదుగా వెళ్లాలి. తరువాత ఎస్ప్లనేడ్ మీదుగా మళ్లించడం వల్ల బౌబజార్ ఇళ్ల కిందికి వచ్చింది. పర్యావరణ అంచనాలో 'ప్రత్యామ్నాయాల పరిశీలన' అన్న అధ్యాయం ఉండేది ఇందుకే. మార్గం మారినప్పుడు కొత్త మార్గం కింద నేలనూ, పైన ఇళ్లనూ మొదటి మార్గానికి చూసినంత శ్రద్ధగా మళ్లీ చూడాలి. మార్గం మార్చే నిర్ణయం ఎన్ని కారణాలతో తీసుకున్నా ఈ పని తప్పించుకోరానిది.

ఇంతకన్నా ముఖ్యమైన పాఠం తరువాతి సంఘటనలలో ఉంది. సొరంగాలు పూర్తయ్యాక, యంత్రాలను బయటికి తీయడానికి బౌబజార్‌లో తవ్విన గుంత అడుగు నుంచి 2022 మే నెలలో నీరు ఊరి, దుర్గా పితూరీ లేన్‌లో మళ్లీ బీటలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో రెండు సొరంగాలను కలిపే చిన్న అడ్డదారి తవ్వుతుండగా నీరు చొరబడి మదన్ దత్తా లేన్‌లో ఇళ్లు బీటలు వారాయి. అసలు సొరంగంతో పోలిస్తే ఇవి చాలా చిన్న పనులు. అయినా ప్రమాదం అక్కడే వచ్చింది. ఇది కోల్‌కతాకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. షాంఘై నాలుగో లైనులో 2003 జూలై 1న సొరంగాలు వరదపాలై పైనున్న కట్టడాలు కుంగినది కూడా, నేలను గడ్డకట్టించి అడ్డదారి తవ్వుతున్న చోటే. జర్మనీలోని కొలోన్‌లో 2009 మార్చి 3న నగర చారిత్రక పత్రాలయం కూలి, పక్క ఇళ్లలో ఇద్దరు చనిపోయి, వెయ్యేళ్ల నాటి పత్రాలు శిథిలాల కింద పడినది, దాని ముందు తవ్విన మెట్రో గుంత డయాఫ్రం గోడలో ఉన్న ఒక లోపంలోంచి నీరూ ఇసుకా కారిపోవడం వల్ల. గోడ పోసేటప్పుడు ఒక పలక (గోడలో విడిగా పోసే ఒక భాగం) దగ్గర అడ్డుపడిన రాయిని తీయకుండా వదిలేయడంతో ఆ ఖాళీ మిగిలిందని విచారణలో తేలింది.

అంటే అతుకుల దగ్గర, పలకకు పలకకూ మధ్య, గుంతకూ సొరంగానికీ మధ్య, పాత పనికీ కొత్త పనికీ మధ్య నీరు దారి వెతుక్కుంటుంది. మీరు రేపు ఏదైనా స్టేషన్‌కు ముప్పుల పట్టిక తయారు చేయవలసి వస్తే, డిజైన్ పటంలో ముందుగా అతుకులన్నిటికీ ఎర్ర సిరాతో గుర్తులు పెట్టండి. ప్రతి గుర్తు దగ్గరా, ఇక్కడ నీరు వస్తే ముందుగా ఎవరికి తెలుస్తుంది, ఎంతసేపట్లో పంపు, ఇసుక బస్తాలు, గ్రౌటు వస్తాయి, పైనున్న ఏ ఇంటివాళ్లను ముందుగా లేపాలి అన్నవాటికి జవాబు రాయండి.

కొలతల విషయం కూడా చెప్పాలి. గోడ వంపును ఇంక్లినోమీటరు, నీటి ఒత్తిడిని పీజోమీటరు, దూలాల మీది భారాన్ని లోడ్ సెల్, ఇళ్ల వాలును టిల్ట్ మీటరు చూపిస్తాయి. ప్రతిదానికీ హెచ్చరిక, చర్య, ప్రమాదం అని మూడు స్థాయిలు ముందే నిర్ణయిస్తారు. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన సర్కిల్ లైను తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అక్కడ పరికరాలు లేకపోలేదు. గోడ అనుకున్నదానికన్నా ఎక్కువగా వంగుతోందని అవి చాలాకాలంగా చూపిస్తూనే ఉన్నాయి. ఆ అంకెలకు సరిపోయేలా లెక్కలు మళ్లీ వేసి, హద్దులు పెంచి పని కొనసాగించారు. హద్దు దాటినప్పుడు పని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి జీతం కాంట్రాక్టరు ఇస్తున్నాడా, ఇంకెవరైనా ఇస్తున్నారా అన్న ప్రశ్న కూడా ముప్పు అంచనాలో భాగమే.

ప్రశ్న: మా కాలనీ కింద మెట్రో సొరంగం వస్తోంది. దీనికి కేంద్ర పర్యావరణ అనుమతి అక్కరలేదని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా? అయితే అంచనా ఎవరు వేస్తారు, మాకు ఎలా దొరుకుతుంది? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బెంగళూరు

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూల్‌లో విమానాశ్రయాలు, రేవులు, జాతీయ రహదారులు ఉన్నాయి గానీ రైలు మార్గాలు లేవు. మెట్రో కూడా ఆ ఖాళీలోంచే బయటపడుతోంది. పెట్రోలు, డీజిలు వాడకాన్ని తగ్గించే ప్రజారవాణా గనుక దాన్ని ఆలస్యం చేయరాదన్న వాదన ఉంది. ఆ వాదనలో బలం ఉంది. కానీ మెట్రో నడిచాక చేసే మేలునూ, తవ్వేటప్పుడు చేసే కీడునూ ఒకే ఖాతాలో వేసి తీసివేయడం న్యాయం కాదు. మేలు పొందేది నగరమంతా, కీడు పడేది ఆ నాలుగు వీధులవాళ్లు.

అయినా నివేదికలు తయారవుతూనే ఉన్నాయి, ఎందుకంటే అప్పు ఇచ్చే సంస్థలు అడుగుతాయి. జపాన్ సహకార సంస్థ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటివి తమ నిధులతో చేసే పనులకు పర్యావరణ, సామాజిక అంచనా తప్పనిసరి చేశాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2009 విధానం కింద చేపట్టిన పనులలో, తీవ్ర ప్రభావం ఉండగల ప్రాజెక్టుల ముసాయిదా నివేదికను బోర్డు ఆమోదానికి 120 రోజుల ముందే బయటపెట్టవలసి ఉండేది. కనుక మీ లైనుకు ఎవరు అప్పు ఇచ్చారో కనుక్కుని, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరుతో వెతకండి. దొరకకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మెట్రో సంస్థకు దరఖాస్తు పెట్టండి. 'పర్యావరణ నివేదిక ఇవ్వండి' అని మాత్రమే అడిగితే వందల పేజీల సాధారణ వివరణ చేతికొస్తుంది. మీ కాలనీ దగ్గరి బోరు రంధ్రాల నమోదులు, భవన స్థితి సర్వే, నేల కుంగుబాటు అంచనా పటం, పరికరాల హద్దులు, నెలవారీ పరిశీలన నివేదికలు అని విడివిడిగా అడగండి.

పర్యావరణ అనుమతి అక్కరలేకపోయినా మిగతా చట్టాలు వర్తిస్తాయన్న సంగతి మరవకండి. భూగర్భ జలాలను తోడటానికీ, చెట్లు కొట్టడానికీ, నిర్మాణ వ్యర్థాలను తరలించడానికీ వేర్వేరు అనుమతులూ నియమాలూ ఉన్నాయి. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు హద్దు 45 డెసిబెల్స్. ముంబయి మూడో లైను పనుల్లో రాత్రి మోతల మీద నివాసులు బొంబాయి హైకోర్టుకు వెళ్లి, 2017లో రాత్రి పనిని ఆపించగలిగారు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు తవ్వాలంటే పురావస్తు చట్టం అడ్డువస్తుంది. కోల్‌కతాలో కరెన్సీ భవనం, రెండు యూదు ప్రార్థనాలయాల దగ్గర ఈ అనుమతి కోసమే సొరంగం పని ఆగవలసి వచ్చింది.

ప్రశ్న: హైదరాబాద్ నేలంతా రాయి కదా, ఇక్కడ భూగర్భ స్టేషన్ కడితే భయమేమీ ఉండదని విన్నాను. నిజమా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: హైదరాబాద్‌లో 2017లో మొదలైన మెట్రో మొదటి దశ అంతా స్తంభాల మీదనే ఉంది కనుక ఈ నగరానికి భూగర్భ స్టేషన్ అనుభవం లేదు. గ్రానైటు కోల్‌కతా ఒండ్రులా కుంగదు, నిజమే. కానీ ముప్పు రూపం మారుతుందే తప్ప పోదు. పైన కొన్ని మీటర్ల మేర మెత్తబడిన శిథిల శిల, దాని కింద పగుళ్లున్న రాయి, ఆ రెంటి నడుమ మట్టిలో ఇరుక్కున్న పెద్ద బండలు ఉంటాయి. సగం మట్టి, సగం రాయి ఉన్న ఈ మిశ్రమ నేల యంత్రాలను ఎంత ఇబ్బంది పెడుతుందో బెంగళూరులో తవ్వినవారికి బాగా తెలుసు. రాయి దగ్గర యంత్రం నెమ్మదిస్తుంది, ఆలోగా పైనున్న మెత్తని మట్టి ఎక్కువగా లోపలికి వచ్చి రోడ్డు మీద గుంత పడుతుంది.

నీరు కూడా ఇక్కడ వేరే తీరున పోతుంది. మన బోర్లకు నీరిచ్చేవి శిథిల శిల, రాతి పగుళ్లే. తవ్వకం ఒక పెద్ద పగులును కోస్తే, పక్క అపార్టుమెంటు బోరు బాగానే ఉండి, ఆ పగులు దారిలో దూరంగా ఉన్న బోరు ఎండిపోవచ్చు. కాబట్టి రాతి నేలలో 'ఇన్ని మీటర్ల పరిధి' అని వలయం గీసి బోర్లను లెక్కపెట్టడం చాలదు, పగుళ్ల దిశను చూసి గీయాలి. ఇక పేలుళ్లు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన ప్రమాణాలనే సాధారణంగా పాటిస్తారు. ఇటుక ఇళ్లకు, కంపన పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌ల లోపు ఉంటే నేల కదలిక వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు, చారిత్రక కట్టడాలకైతే 2 మించరాదు. డంగుసున్నంతో కట్టిన పాత ఇళ్లను ఇటుక ఇళ్ల వరసలో కాక చారిత్రక కట్టడాల వరసలో చేర్చమని నేను గట్టిగా కోరతాను.

ప్రశ్న: తవ్విన మట్టంతా ఎక్కడికి పోతుంది? కట్టిన తరువాత స్టేషన్‌లోకి వరద వస్తే? – ముంబయి నుంచి ఇద్దరు పాఠకులు

జవాబు: 220 మీటర్ల పొడవు, 22 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల లోతున్న ఒక్క స్టేషన్ నుంచే దాదాపు 87 వేల ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. తవ్వాక అది మూడో వంతుకు కొంచెం తక్కువగా ఉబ్బుతుంది. 12 ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో ఎత్తితే తొమ్మిది వేలకు పైగా ట్రిప్పులు. ఆ టిప్పర్లు ఏ బడి ముందునుంచి, ఏ వేళల్లో వెళ్తాయి, చివరకు ఏ పల్లంలో పోస్తాయి అన్నది స్టేషన్ పటం గీసే రోజే తేలాలి. లేకపోతే ఊరి చివరి చెరువో వాగో దానికి బలి అవుతుంది. బెంటొనైటు కలిసిన బురదను, యంత్రంలో వాడే నురగ రసాయనాలు కలిసిన మట్టిని మామూలు మట్టితో కలిపి పోయకూడదు. బెంటొనైటు వర్షపు కాలువలోకి వెళితే గడ్డకట్టి దాన్ని మూసేస్తుంది. మరుసటి వానకు మీ వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలవడానికి ఆ ఒక్కటి చాలు.

వరద ముప్పుకు తాజా ఉదాహరణ మీ నగరంలోనే ఉంది. 2025 మే 10న తెరిచిన ఆచార్య ఆత్రే చౌక్ స్టేషన్‌లోకి మే 26న, నిర్మాణంలో ఉన్న ద్వారం దగ్గరి తాత్కాలిక అడ్డుగోడ దాటి వాననీరు ప్లాట్‌ఫాం దాకా వచ్చింది. ఇక్కడా నీరు చొరబడింది పూర్తయిన భాగానికీ కాని భాగానికీ మధ్యనున్న అతుకులోంచే. ద్వారాల గడపలను ఆ ప్రాంతంలో నమోదైన అత్యధిక నీటిమట్టం కన్నా ఎత్తున కట్టడం, రోడ్డు నుంచి ముందు మెట్లు ఎక్కి ఆ తరువాతే కిందికి దిగేలా చేయడం, పూర్తికాని ద్వారాలను వానాకాలానికి ముందు తాత్కాలిక గోడతో కాక కాంక్రీటుతో మూయడం, వీటిలో ఏదీ ఖరీదైన పని కాదు. మీ ప్రాంతంలో స్టేషన్ ద్వారం కడుతుంటే, గత పదేళ్లలో మీ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో చూపే ఫొటోలను, గోడ మీది మరకలను మెట్రో సంస్థకు తేదీలతో సహా పంపండి. ఎత్తు నిర్ణయించే ఇంజనీరుకు వర్షపాతం లెక్కలు కార్యాలయంలోనే దొరుకుతాయి గానీ, మీ గడప దగ్గర నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేది మీరే.